పాత మోటార్ షట్టర్‌కి రిమోట్ పెట్టించొచ్చా?

నమస్తే అండి. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు మా ఇంటి కార్ షెడ్ ఇది. షట్టర్‌కి మోటార్ ఎప్పటి నుంచో ఉంది, లేనిదల్లా రిమోటే. లోపల గోడకి పైకి, కిందికి, స్టాప్ అని మూడు బటన్లు. వాన పడుతున్నా సరే, ఎవరో ఒకరు కారు దిగి పక్క తలుపులోంచి వెళ్లి నొక్కాల్సిందే. మోటార్‌తో సహా మొత్తం మార్చేయమని చెప్పేవాళ్లు ఉంటారు. అక్కర్లేదు. రిమోట్ సిగ్నల్ అందుకునే, అరచేతిలో పట్టే ఈ రిసీవర్ చాలు.

ఇందులో ఉండేవి రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్‌లు. రిమోట్ నొక్కగానే రిలే కలుస్తుంది, గోడ మీద బటన్ నొక్కినట్టే పని జరుగుతుంది. పైకి, కిందికి బటన్లకి ప్యారలల్‌గా, అంటే బటన్ రెండు కొసలకే రిలే వైర్లు రెండూ కలిపి ఇస్తే సరి. మోడ్ మాత్రం మొమెంటరీలోనే (నొక్కినంత సేపే రిలే కలిసేది) ఉండాలి, లాచ్‌లో (ఒకసారి నొక్కితే కలిసే ఉండిపోయేది) కాదు.

అసలు తిరకాసు స్టాప్ దగ్గర. కాస్త దగ్గరగా చూపిస్తాను. మా బాక్సులో ఈ ఎర్ర బటన్ వెనక కాంటాక్టు మామూలప్పుడు కలిసే ఉంటుంది, నొక్కితే విడిపోతుంది. దీనికీ ప్యారలల్‌గా ఇచ్చారనుకోండి, రిమోట్‌లో స్టాప్ ఎంత నొక్కినా షట్టర్ ఆగదు. రిలేలో ఎన్‌సీ టెర్మినల్ (మామూలప్పుడు కలిసే ఉండేది) తీసుకుని సిరీస్‌లో, అంటే ఆ బటన్ వైరు దారిలోనే ఒకదాని తర్వాత ఒకటిగా కలపాలి. వచ్చే ఎలక్ట్రీషియన్‌ని ఈ ఒక్క మాట ముందే అడగండి. కొన్ని పాత బాక్సుల్లో ఈ బటన్లలోకే 230 వోల్టులు వస్తాయి, కాబట్టి ఎంసీబీ దించకుండా మూత తీయొద్దు.

ఈ తోకలాంటి వైరు యాంటెన్నా. 433 మెగాహెర్ట్జ్ కాబట్టి 17 సెంటీమీటర్లు ఉంటుంది. దీన్ని చుట్టి ఇనప బాక్సులో కుక్కేస్తే గేటు దగ్గరికొచ్చినా పలకదు. బయటికి తీసి నిటారుగా వదిలితే వీధిలోంచే అందుకుంటోంది.

నాకు నచ్చనిది ఇందులోని ఫిక్స్‌డ్ కోడ్. ప్రతిసారీ అదే కోడ్ పంపుతుంది, దాన్ని పట్టేసి కాపీ కొట్టే రిమోట్లు చవగ్గా దొరుకుతాయి. పాత సామాన్ల గోడౌన్‌కైతే ఫర్వాలేదు. షెడ్‌లోంచి ఇంట్లోకి దారి ఉంటే, నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్‌దే కొనండి.

కింద ఎవరైనా అడ్డొస్తే షట్టర్‌ని దిగనివ్వని ఫొటో సెన్సర్ విషయంలో మాత్రం బేరం లేదు. గోడ బటన్ నొక్కే మనిషికి షట్టర్ కింద ఎవరున్నారో కనిపిస్తుంది, రిమోట్ నొక్కేవాడు వీధిలో ఉంటాడు. అమెరికాలో ఇళ్ల గ్యారేజ్ డోర్ ఓపెనర్లకి ఇలాంటి రక్షణ 1993 నుంచే తప్పనిసరి. మన దగ్గర అడిగితేనే పెడతారు. పిల్లలున్న ఇల్లయితే సెన్సర్ పెట్టించాకే రిమోట్ చేతికి తీసుకోండి.

కరెంటు పోతే రిమోట్ ఉన్నా లేనట్టే, అందుకని చేత్తో లాగే చైన్ పీకించొద్దు. ఈ రిమోట్‌లో పడేది 27ఏ అనే చిన్న 12 వోల్టుల సెల్. అన్ని షాపుల్లో దొరకదు, ఫిట్టింగ్ రోజే ఇంకోటి తెచ్చి పెట్టుకోండి.