తిండి గురించి చెప్పే చోటేది? హెచ్ఐవీపై చెన్నై స్టూడియో చర్చ

(హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ వరండాలో అందరికీ వినపడేలా ఒకామెను "నీ జబ్బుకి గుడ్లు తినాలని తెలీదా" అని కసురుకున్న వీడియో వాట్సాప్‌లో తిరిగింది. దాని మీదే ఈ చర్చ.)

మోడరేటర్: అందరికీ సమానంగా టైమిస్తాను. డాక్టర్‌గారూ, రాగులు, కొర్రలు తినమని చెప్పడానికి అడ్డమేంటండి?

డాక్టర్: మందులు 2004 నుంచి ఉచితమే, మన తాంబరంలోనూ. తిండికొస్తే, హెచ్ఐవీ ఉండి ఏ లక్షణాలూ లేనివాళ్లకి కూడా మామూలు కంటే 10 శాతం ఎక్కువ శక్తి కావాలి, జబ్బుపడితే 20 నుంచి 30...

కార్యకర్త: శాతాలు తర్వాత సార్. ఆమె అనుమతి లేకుండా జబ్బు సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టం ఉంది కదా? గది లేదు, తలుపు లేదు, వెనక క్యూలో ఉన్నవాళ్లకి ప్రతి మాటా వినపడుతుంటే ఇంట్లో బియ్యం నిండుకున్నాయని ఎవరు నోరు విప్పుతారు?

డైటీషియన్: నేనొక్క మాట...

మోడరేటర్: రాగిసంకటి చవకే కదమ్మా?

కార్యకర్త: చవకా కాదా అని కాదండీ! నెల్లూరు నుంచి కట్టడం పనికొచ్చినామె, షెడ్డులో అందరికీ ఒకటే గిన్నె. తనొక్కతే గుడ్డు ఉడకేసుకుంటే "నీకెందుకే ప్రత్యేకం" అంటారు. మాత్రలే పసుపు డబ్బాలో దాచుకుంటోంది. చేతిలో పెట్టిన చార్టేమో తమిళంలో ఉంది, ఆమెకి మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు.

డాక్టర్: టీబీ ఉంటే పోషణకని నెలకి 1000 రూపాయలు...

కార్యకర్త: టీబీ వస్తేనా? అప్పటిదాకా?

మోడరేటర్: ఆ డబ్బుతో రాగులు...

డైటీషియన్: దయచేసి వినండి. డోల్యుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు ఉన్న మాత్రతో పాటు ఐరన్, కాల్షియం మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే మందు సరిగా ఒంటబట్టదు. రెండూ ఒకేసారి వేసుకోవాలంటే అన్నంతో వేసుకోవాలి. బరువు పెరిగిపోతున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లక్కూడా "బాగా తిను" అనే చెప్తే...

కార్యకర్త: నేననేదీ అదే! ఇదంతా వరండాలో నిలబెట్టి చెప్తారా? ముందు గది.

(ఇక్కడ డైటీషియన్‌గారిని పూర్తిగా చెప్పనివ్వాల్సింది. ఇళ్లలో చూసేవాళ్లకి పనికొచ్చే మాట అదే.)

డాక్టర్: రోజుకి అంతమంది వస్తుంటే ఒక్కొక్కరికి ఎంతసేపని...

కార్యకర్త: అయితే మనుషుల్ని వేయండి. గది, తలుపు, తెలుగొచ్చిన కౌన్సెలర్. మూడూ అడుగుతున్నా.

మోడరేటర్: మేడమ్ చెప్పింది సబబే. డాక్టర్‌గారూ, మీ సెంటర్లో గది ఎప్పటికిస్తారు?

డాక్టర్: అది నా చేతిలో లేదండీ, పైనుంచి...

కార్యకర్త: పైన ఎవరు?

మోడరేటర్: టైమ్ అయిపోయింది.