కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా రివ్యూ: పావులీటరులో గ్యాస్ ఎందుకు నిలవదు?

నమస్కారం. ఈ వీడియోలో కూల్‌డ్రింక్ రుచి గురించి కాకుండా, దాన్ని మోసే పెట్ (PET అనే రకం ప్లాస్టిక్) సీసా గురించి మాట్లాడుకుందాం. నా ముందు ఒకే కోలా ఉన్న రెండు సీసాలున్నాయి: ఒకటి రెండు లీటర్లది, రెండోది పావులీటరుది.

పెద్ద సీసాను తలకిందులు చేసి చూపిస్తున్నాను. అడుగున రేకుల్లా విచ్చుకున్న ఐదు కాళ్లు, వాటి నడిమధ్యన మొటిమ లాంటి చిన్న గుర్తు కనిపిస్తాయి. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగిన చోటు అదే. సీసా మొదట మందపాటి పరీక్షనాళికలా, మూతి దగ్గరి మరలతో సహా తయారవుతుంది. దీన్ని ప్రిఫారమ్ అంటారు. దాన్ని వంద డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా వేడిచేసి, కడ్డీతో నిలువుగా సాగదీస్తూ లోపలికి గాలిని బలంగా ఊదినప్పుడు, ప్లాస్టిక్ అణువుల గొలుసులు నిలువునా అడ్డంగా వరుస తీరి, ఇంత పలుచని గోడకు అంత బలాన్నిస్తాయి. ఇలాంటి సీసాకు 1973లో పేటెంట్ పొందిన నాథనియల్ వైయెత్ అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో ఇంజనీరు.

ఆ బలం ఎంత అవసరమో చెప్పాలంటే, గది వేడిలోనే కోలా సీసా లోపలి ఒత్తిడి మామూలు కారు టైరులో ఉండేదానికన్నా ఎక్కువ. అర్ధగోళంలా ఉండే అడుగు ఒత్తిడిని చక్కగా తట్టుకుంటుంది గానీ నేలమీద నిలవదు కాబట్టి, తొలినాటి సీసాలకు కింద వేరే ప్లాస్టిక్ గిన్నె తొడిగేవారు. ఈ ఐదు కాళ్లు వచ్చాక ఆ గిన్నె అవసరం తీరిపోయింది. నిజంగా మెచ్చుకోదగిన పనితనమిది.

ఇక లోపానికి వద్దాం. గాజులా కాకుండా, పెట్ గోడ గుండా కార్బన్ డయాక్సైడ్ కొద్దికొద్దిగా బయటికి పోతూనే ఉంటుంది. రెండూ ఒకే ఆకారంలో ఉన్నాయనుకుంటే, పావులీటరు సీసాలో పానీయం పెద్దదానిలో ఎనిమిదో వంతే, గోడ వైశాల్యం మాత్రం నాలుగో వంతు. అంటే ఒక్కో చుక్కకు రెట్టింపు గోడ తగులుతుంది. ఎండ తగిలితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, గోడ గుండా గ్యాస్ పోవడమూ వేగమవుతుంది. మొన్న మే నెలలో ఒక కొట్టు ముందు ఎండలో పేర్చిన వాటిలోంచి నేనొక చిన్న సీసా కొన్నాను. సీలు చెక్కుచెదరలేదు, అయినా మూత తిప్పితే ఉస్సుమన్న చప్పుడే రాలేదు, తాగితే వట్టి చక్కెర నీళ్లలా ఉంది. తయారీ తేదీ చూస్తే అప్పటికి రెండు నెలలు దాటింది.

అందుకే చిన్న సీసా కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, నీడలో ఉన్నదే అడిగి తీసుకోండి. పెద్ద సీసాకు నా మార్కులు నిస్సందేహంగా ఎక్కువే. అయితే అది సగం అయ్యాక చాలామంది గాలి పోవాలని సీసాను నొక్కి మూత బిగిస్తారు. అలా చేయకండి. నొక్కిన గోడ మళ్లీ ఉబ్బుతుంటే, ఆ ఖాళీని నింపడానికి పానీయంలోని గ్యాసే ఇంకా ఎక్కువగా బయటికి వస్తుంది. నొక్కకుండా మూత గట్టిగా బిగించి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.