ఎర్రర్ రాని ఇన్సర్ట్

అందరికీ నమస్కారం. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకునేవాళ్లు డేటాను వెతికి చూపించే సెలెక్ట్ మీద వారాలు గడుపుతారు, టేబుల్‌లో కొత్త వరుసను చేర్చే ఇన్సర్ట్‌ను పది నిమిషాల్లో దాటేస్తారు. సెలెక్ట్ తప్పయితే మళ్లీ రాసుకోవచ్చు. ఇన్సర్ట్ తప్పయితే ఆ తప్పు టేబుల్‌లో కాపురం పెడుతుంది.

రాసే పద్ధతి తేలికే. ఇన్సర్ట్ ఇంటూ, టేబుల్ పేరు, బ్రాకెట్లలో కాలమ్‌ల పేర్లు, తర్వాత వాల్యూస్, అదే క్రమంలో విలువలు. కాలమ్‌ల పేర్లు రాయకపోయినా నడుస్తుంది. అప్పుడు విలువలు టేబుల్‌లో కాలమ్‌లు ఉన్న క్రమంలోనే వెళ్లి కూర్చుంటాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అలాగే రాశాను. టేబుల్‌లో ఊరు ముందు, ఇంటిపేరు తర్వాత ఉన్నాయి. నేను ఇంటిపేరు ముందనుకుని 'కొండపల్లి', 'నందిగామ' అని ఇచ్చాను. కొండపల్లి ఊరైంది, నందిగామ ఇంటిపేరైంది. రెండూ అక్షరాలే కాబట్టి ఎర్రర్ రాలేదు. చూసినవాళ్లకూ అనుమానం రాలేదు, మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల పేర్లే కదా! పంపిన ఉత్తరాలు తిరిగొచ్చాక గాని బయటపడలేదు. అప్పటినుంచి కాలమ్‌ల పేర్లు రాయకుండా ఒక్క ఇన్సర్ట్ కూడా రాయలేదు.

ప్రైమరీ కీ, అంటే ఒక్కో వరుసను గుర్తుపట్టే విలువ, మళ్లీ వచ్చిందనో, నాట్ నల్ (ఖాళీ ఉండకూడని) కాలమ్ ఖాళీగా ఉందనో ఎర్రర్ వస్తే టెన్షన్ పడకండి. టేబుల్ తనను తాను కాపాడుకుంటోంది.

తెలుగు పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒరాకిల్ డేటాబేస్‌లో అక్షరాల కాలమ్‌ను వార్‌చార్2(20) అని పెడితే మామూలుగా అందులో పట్టేది 20 అక్షరాలు కాదు, 20 బైట్లు. 'రామారావు' మన కంటికి నాలుగక్షరాలే. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు విడిగా లెక్కకొచ్చి 8 అవుతాయి. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 24. పట్టదు, ఎర్రర్ ఇస్తుంది. నయమే. ఇంకో డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు సెట్టింగులతో, కాలమ్ యూనికోడ్ పట్టే ఎన్‌వార్‌చార్ రకమైనా సరే, కోట్స్ ముందు ఎన్ అనే అక్షరం మరిచిపోతే 'సీత' కాస్తా '???' అవుతుంది. ఒక వరుస చేరిందని సందేశం మాత్రం వస్తుంది. ఆ మూడు గుర్తుల్లోంచి సీతను మళ్లీ వెనక్కి తేలేం.

అందుకే ముందు బిగిన్ ట్రాన్సాక్షన్, తర్వాత ఇన్సర్ట్, వెంటనే అదే వరుసను సెలెక్ట్‌తో కళ్లారా చూడటం. బాగుంటే కమిట్ అని ఖాయం చేయడం, లేకపోతే రోల్‌బ్యాక్ అని రద్దు చేయడం.

ఇప్పుడు లాప్‌టాప్‌లు తెరవండి. మొదటి వరుసలో మీ ఇంటిపేరు, మీ ఊరు తెలుగులోనే టైప్ చేయండి.