చిన్న గాటు, పెద్ద శస్త్రచికిత్స

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే మన తెలుగువారు పిత్తాశయంలో రాళ్లకు చేసే శస్త్రచికిత్సను ‘లేజర్ ఆపరేషన్’ అనడం తరచుగా వింటుంటాను. సాధారణంగా అందులో లేజర్ కిరణమేదీ ఉండదు. పొట్టమీద మూడు నాలుగు చిన్న గాట్లు పెట్టి, ఒకదానిలోంచి కెమెరా బిగించిన గొట్టాన్ని, మిగిలినవాటిలోంచి పొడవాటి సన్నని పనిముట్లను పంపి, తెరమీద చూస్తూ చేసే ఈ పనిని లాపరోస్కోపీ అంటారు. పేరు మారినందువల్ల నష్టం లేదు. అయితే కోత లేదు కనుక భయమూ లేదన్న నమ్మకం ఆ పేరు వెంటే వస్తోంది. బయట గాటు చిన్నదే గానీ, లోపల జరిగేది వెనుకటి పెద్ద కోతతో చేసిన ఆపరేషనే.

ఈ పద్ధతిలో పిత్తాశయాన్ని మొదట తీసినవాడు జర్మనీకి చెందిన ఎరిక్ మ్యూహె, 1985లో. మన దేశంలో 1990లో ముంబయిలోని జె.జె. ఆసుపత్రిలో టెహెంటన్ ఉద్వాడియా దీనిని ప్రారంభించారు.

రోగికి పూర్తి మత్తు ఇచ్చాక, బొడ్డు దగ్గర సన్నని సూదితో గానీ, చిన్న గాటు పెట్టి కంటితో చూస్తూ గానీ పొట్టలోకి దారి చేస్తాం. ఆ దారిలో బొగ్గుపులుసు వాయువును నింపితే పొట్ట గోడ పైకి లేచి, లోపల పని చేయడానికి చోటు ఏర్పడుతుంది. గాలిని కాక ఈ వాయువునే ఎందుకు వాడతామంటే, ఇది మండదు కనుక విద్యుత్తుతో రక్తనాళాలను కాల్చేటప్పుడు అంటుకోదు. పైగా రక్తంలో తేలికగా కరిగి ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. ఒత్తిడిని సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం దాటనివ్వం. ఆ తరువాత బల్లను తల వైపు ఎత్తి, ఎడమకు కొంచెం వంచితే, పేగులు వాటంతట అవే కిందికి జారి కాలేయం కింది భాగం తెరమీద కనబడుతుంది.

ఇక్కడ శస్త్రవైద్యుడికి రెండు లోపాలు ఉంటాయి. చేతి స్పర్శ చాలావరకు పోతుంది. మామూలు తెరమీద లోతు సరిగా తెలియదు. పైగా పొట్ట గోడే ఇరుసుగా మారడం వల్ల చేతిని ఎడమకు కదిపితే పనిముట్టు కొన కుడికి పోతుంది. అందుకే ఏళ్ల తరబడి సాధన కావాలి.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన ఘట్టం కత్తిరించడానికి ముందుది. పిత్తాశయం నుంచి బయలుదేరే సన్నని నాళం, కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే ప్రధాన నాళంలో కలుస్తుంది. వాపు ఉన్నచోట ఈ రెంటినీ ఒకటిగా పొరబడి, ప్రధాన నాళాన్నే కోసేస్తే ఆ రోగి జీవితమంతా బాధపడవలసి రావచ్చు. స్ట్రాస్‌బర్గ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1995లో దీనికొక నియమాన్ని స్పష్టంగా చెప్పారు: ఆ చోటున కొవ్వును, పొరలను పూర్తిగా తొలగించాలి, పిత్తాశయం కింది మూడో వంతును కాలేయం నుంచి విడదీయాలి, పిత్తాశయంలోకి పోయేవి రెండే రెండు, ఒక నాళం, ఒక ధమని, అని కళ్లారా చూడాలి. అప్పుడే క్లిప్పులు వేసి కత్తిరించాలి. ఆ దృశ్యం కనబడకపోతే మార్గం మార్చుకోవాలి: పిత్తాశయాన్ని కొంత భాగం వదిలి తీయవచ్చు, లేదా పొట్ట తెరిచి చేయవచ్చు. ‘మొదట బెజ్జం అని చెప్పి పెద్ద కోత పెట్టేశారు’ అని బంధువులు బాధపడడం చూశాను. వారికి నా మనవి ఒక్కటే: ఆ నిర్ణయం రోగి క్షేమం కోసం తీసుకున్నది, దాన్ని వైఫల్యంగా చూడకండి. అలా మారవచ్చునని ముందే వివరించి సంతకం తీసుకోవడం మాత్రం వైద్యుడి బాధ్యత.

ఈ జిల్లాల్లో ఇంకో విషయం తప్పక చెప్పాలి. ఇక్కడ సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఎక్కువ. మామూలు ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో పది, ఇరవై రోజులకే చితికిపోతుంది. అలా చితికిన కణాల నుంచి పుట్టే పసుపు పదార్థం పిత్తాశయంలో పేరుకుని, బడికి పోయే పిల్లల్లో సైతం రాళ్లవుతుంది. వీరికి ప్రాణవాయువు తగ్గినా, శరీరం చల్లబడినా, నీరు తక్కువైనా, రక్తంలో ఆమ్లం పెరిగినా కణాలు కొడవలిలా వంగి నాళాల్లో అడ్డుపడతాయి. పొట్టలో నింపే వాయువే రక్తంలో ఆమ్లాన్ని పెంచగలదు కనుక, మత్తు వైద్యుడు శ్వాసను దానికి తగినట్టు సరిచేయాలి, మేము ఒత్తిడిని వీలైనంత తగ్గించాలి, ముందు రాత్రి నుంచే సెలైన్ ఎక్కించాలి, గదిని వెచ్చగా ఉంచాలి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో పరీక్ష చేసి ఇచ్చిన కార్డు మీ ఇంట్లో ఉంటే, ఆపరేషన్ కోసం విశాఖ రైలెక్కేటప్పుడు దాన్ని తప్పక వెంట తీసుకువెళ్లండి. ఆ కార్డు చూపకపోతే ఈ జాగ్రత్తలేవీ మొదలుకాకపోవచ్చు.

రాయి ప్రధాన నాళంలోకి జారితే పద్ధతి వేరు. నోటి గుండా వంగే గొట్టాన్ని చిన్నపేగు దాకా పంపి, నాళం ద్వారాన్ని కొద్దిగా తెరిచి, ఎక్స్‌రే సాయంతో రాయిని బుట్టలాంటి సాధనంతో లాగుతారు. దీనిలో పొట్టమీద గాటే ఉండదు. క్లోమగ్రంథి వాచే ప్రమాదం మాత్రం ఉంది.

ఆపరేషన్ తరువాత ఒకటి రెండు రోజులు భుజం నొప్పి రావడం సాధారణం. మిగిలిన వాయువు, సాగిన పొర కలిసి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే వప అనే కండరాన్ని రేపడం వల్ల, వపకూ భుజానికీ మెడ నుంచి వచ్చే నరాల సంబంధం ఉండడం వల్ల అలా అనిపిస్తుంది. అది రోజు రోజుకీ తగ్గాలి. తగ్గకుండా పొట్ట నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, కుట్లు తీసే తేదీ దాకా ఊళ్లో ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి రండి, రాత్రయినా సరే.