నొప్పి వారిది, బాధ మనది

నమస్కారం. ఎదుటివారి చేతిలో సూది దిగుతుంటే మనం చూపు తిప్పుకుంటాం, పళ్ళు బిగిస్తాం, ఒక్కోసారి మన చేతినే వెనక్కి లాక్కుంటాం. గుచ్చుకున్నది మనకు కాదని తెలిసినా మెదడు ఎందుకంతగా ఉలిక్కిపడుతుంది? తెలుగులో నొప్పి వేరు, బాధ వేరు. ఇతరుల కష్టం చూసి "బాధగా ఉంది" అంటామే గాని "నొప్పిగా ఉంది" అనము. ఈ తేడాను గుర్తుంచుకుంటే శాస్త్రజ్ఞులు కనుగొన్నది సులభంగా అర్థమవుతుంది.

2004లో లండన్‌లో మెదడు శాస్త్రవేత్త టానియా సింగర్ బృందం 16 జంటలతో ఒక ప్రయోగం చేసింది. స్త్రీని ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, ఆమె సహచరుణ్ణి పక్కనే కూర్చోబెట్టి, ఒకసారి ఆమె చేతికి, మరోసారి అతని చేతికి స్వల్పమైన విద్యుత్ షాక్ ఇచ్చారు. అతని ముఖం ఆమెకు కనిపించదు. షాక్ ఎవరికి తగలబోతున్నదో తెరమీది రంగు గుర్తును బట్టి తెలుసుకోవలసిందే. షాక్ తనకు తగిలినప్పుడు ఆమె మెదడులో, నొప్పి ఒంట్లో ఎక్కడ పుట్టిందో పసిగట్టే సొమాటోసెన్సరీ కార్టెక్స్‌తో పాటు, ఆ నొప్పిని బాధగా మార్చే ఇన్సులా ముందు భాగమూ, యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్సూ చురుకయ్యాయి. అతనికి తగిలినప్పుడు మొదటిది స్పందించలేదు. తక్కిన రెండూ స్పందించాయి. అంటే ఆమె మెదడు పంచుకున్నది బాధనే.

అయితే "మనం ఎదుటివారి నొప్పిని అచ్చంగా అనుభవిస్తాం" అని చాలామంది చెప్పేస్తుంటారు. అది అతిశయోక్తి అని నా అభిప్రాయం. ఇన్సులా అసహ్యం కలిగినా, ఇంకెన్నో అనుభూతులకైనా స్పందిస్తుంది కనుక, అది వెలిగినంత మాత్రాన నొప్పి ఉన్నట్టు కాదు. పైగా 2016లో అమెరికాలోని కొలరాడో పరిశోధకులు మెదడు స్పందనల నమూనాలను మరింత సూక్ష్మంగా పోల్చి చూడగా, సొంత నొప్పిని గుర్తించే నమూనా ఇతరుల నొప్పిని చూసినప్పుడు కనిపించలేదు. మరోవైపు, 2015లో వియన్నా పరిశోధకులు నొప్పి మాత్ర అని నమ్మించి ఉత్తుత్తి మాత్ర ఇస్తే, సొంత నొప్పితో పాటు ఇతరుల నొప్పి పట్ల స్పందన కూడా తగ్గింది. ఈ వాదం ఇంకా తెగలేదు.

నాకు అన్నిటికంటే ఇబ్బంది కలిగించేది 2006లో సింగర్ బృందమే చేసిన మరో ప్రయోగం. డబ్బుతో ఆడే ఒక ఆటలో ఒకరు న్యాయంగా, మరొకరు అన్యాయంగా ఆడారు. తరువాత వారికి నొప్పి కలిగిస్తున్నప్పుడు, అన్యాయం చేసినవారి విషయంలో, వారితో ఆడి ఇప్పుడు చూస్తున్న పురుషుల మెదడులో సానుభూతి స్పందన బాగా తగ్గిపోవడమే కాక, ఆనందానికి సంబంధించిన న్యూక్లియస్ అక్యుంబెన్స్ చురుకైంది. పగ తీర్చుకోవాలన్న కోరిక ఎంత ఎక్కువైతే ఆ చురుకుదనం అంత ఎక్కువ. స్త్రీలలో ఆ స్థాయి మార్పు కనిపించలేదు. "వాడికి తగిన శాస్తి జరిగింది" అని మనం అనే మాటకు మెదడులో ఒక చోటు ఉందన్నమాట.

ఈ స్పందన తగ్గడానికి ప్రతిసారీ ద్వేషమే కారణం కానక్కరలేదు. 2007లో, అక్యుపంక్చర్ చేసే వైద్యులకూ, ఆ అనుభవం లేనివారికీ సూదులు గుచ్చుతున్న దృశ్యాలు చూపించారు. అనుభవం లేనివారిలో ఇన్సులా, సింగ్యులేట్ భాగాలు స్పందించగా, వైద్యులలో వాటికి బదులు ఉద్వేగాన్ని అదుపు చేసే ముందు మెదడు భాగాలూ, ఎదుటివారి మనసును ఊహించడానికి తోడ్పడే భాగాలూ పనిచేశాయి. సూది వేసేటప్పుడు నర్సు చెయ్యి వణకకపోవడం వెనుక కూడా ఇలాంటి అలవాటే ఉండవచ్చు.