మూలనున్న మిషను

మన పారిశ్రామికవాడ పాలన చూసే ఐలా పెద్దలకు, ఇరుగుపొరుగు షెడ్ల మిత్రులకు నమస్కారం.

కొత్త మిషను కొనడం గురించి మాట్లాడతానంటే హాలు నిండుతుంది. పాతది వదిలించుకోవడం గురించంటే నలుగురైనా వస్తారా అనుకున్నాను. మిమ్మల్ని చూస్తుంటే జీడిమెట్లలో ఎన్ని మిషన్లు టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నాయో తెలుస్తోంది.

ముందు నా బాగోతం చెబుతాను. 2006లో బ్యాంకు అప్పు తీసుకుని, 40 లక్షలు పెట్టి ఒక సీఎన్‌సీ టర్నింగ్ సెంటర్, అంటే కంప్యూటరుతో నడిచే లేతు, కొన్నాను. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి లోపల పెట్టించాం. బాగానే సంపాదించి పెట్టింది, కాదనను. 2014లో రాజ్‌కోట్ నుంచి ఒక బేరగాడు వచ్చాడు. మిషను ఆన్ చేయించి, ఒక జాబ్ తిప్పించి చూసి, 9 లక్షలిస్తానన్నాడు. అప్పటికే దాన్ని నడిపే కంట్రోలర్ మోడల్ పాతబడింది, అందులోని ఎలక్ట్రానిక్ కార్డు పోతే కొత్తది దొరకదని నాకూ తెలుసు. కానీ నేను చూసింది మిషను వైపు కాదు, బ్యాలెన్స్ షీట్ వైపు. ఏడాదికి 15 శాతం తరుగుదల పోగా, 8 ఏళ్ళకు పుస్తకాల్లో ఇంకా 10 లక్షల 90 వేలుంది. 9కి ఇస్తే దాదాపు 2 లక్షల నష్టం కదా అని పంపించేశాను.

మరుసటి ఏడు కార్డు పోయింది. స్పేరు కోసం ఫోన్లు చేశాను, మెయిళ్ళు పెట్టాను. ఆ మోడల్‌కు సపోర్ట్ ఆపేశామన్నారు. ఇవాళ కాకపోతే రేపు ఎక్కడో ఒకచోట దొరుకుతుందని నాలుగేళ్ళు ఉంచాను. మొదట దాని మీద టీ గ్లాసులు పెట్టారు. తర్వాత డ్రాయింగుల కట్టలు, ఆ తర్వాత వెల్డింగ్ కేబుళ్ళు. కొత్తగా కొన్న చిన్న ప్రెస్సు లోపల పట్టక, బయట రేకుల కింద పెట్టి వానాకాలమంతా టెన్షన్ పడ్డాను. 2019లో తుక్కు వ్యాపారిని పిలిచాను. ఆయన ఆన్ చేయమని కూడా అడగలేదు. జేబులోంచి అయస్కాంతం తీసి రెండు మూడు చోట్ల అంటించి చూసి, “సేట్, ఇది మిషన్ కాదు, లోహా” అన్నాడు. 6 టన్నులు, కిలో 28 రూపాయలు. లక్షా 68 వేలు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మా ఆడిటరు గారు విని నవ్వారు. “2014లో మీకు వచ్చే నష్టమేమీ లేదండీ, నన్నొక మాట అడగాల్సింది” అన్నారు. ఆదాయపు పన్ను లెక్కలో 15 శాతం తరుగుదల ఉన్న మిషన్లన్నీ ఒకే బ్లాకు, అంటే అన్నిటికీ కలిపి ఒకే లెక్క. ఒకటి అమ్మితే వచ్చిన డబ్బు బ్లాకులోంచి తీసేస్తారు. మిగిలినదాని మీద తరుగుదల ఎప్పటిలాగే వస్తుంది. నేను ఏ నష్టానికి భయపడి బేరం వదులుకున్నానో అది కాగితం మీద కూడా లేదన్నమాట! పుస్తకాల్లో ఉన్నది మిషను ధర కాదు. ఎప్పుడో పెట్టిన ఖర్చులో ఇంకా లెక్క రాయని భాగం. కొనేవాడికి దాంతో పనేముంది?

అందుకే చెబుతున్నాను, అమ్మితే తిరుగుతుండగా అమ్మండి. ఆగిపోతే మాత్రం మొత్తంగా తుక్కుకు వేయకండి. నా మిషనులో స్పిండిల్, సర్వో మోటార్లు, డ్రైవులు బాగానే ఉన్నాయి. నాలాగే కార్డు కోసం, డ్రైవు కోసం దేశమంతా వెతికే వాళ్ళుంటారు. వాటినీ నేను 28 రూపాయల కాటాలోనే వేశాను.

కాటా అంటే గుర్తొచ్చింది. ఖాళీ లారీని తూచేటప్పుడు దగ్గరుండి చూడండి. ట్యాంకు నిండా డీజిలు, రెండు స్టెప్నీలు, క్యాబిన్లో నలుగురు మనుషులు, సీటు కింద ఇసుక బస్తా. లోడు తూచే సమయానికి ఇవేవీ ఉండవు. ఖాళీ బరువు ఎంత ఎక్కువ చూపిస్తే మన సరుకు అంత తగ్గుతుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. అప్పు తీరినంత మాత్రాన హైపోథికేషన్, అంటే మిషను మీద బ్యాంకుకున్న తాకట్టు హక్కు, దానంతటదే పోదు, బ్యాంకు నుంచి లెటరు తీసుకోండి. నాకు రెండు నెలలు పట్టింది. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి క్రెడిట్ తీసుకున్న మిషనును 5 ఏళ్ళ లోపు అమ్మితే, 3 నెలలకు 5 శాతం చొప్పున తగ్గించగా మిగిలిన క్రెడిట్, అమ్మిన ధర మీద పన్ను, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. బేరం కుదిరాక కాదు, ముందే ఆడిటరుతో కూర్చోండి.

పెద్ద ప్లాంట్ల తంటా వేరు. పాల్వంచలో కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం) పాత ప్లాంటు కూలింగ్ టవర్లు 8, 2024 ఆగస్టు 5న పేల్చేశారు. ఆ వీడియోలు మీ ఫోన్లలోకీ వచ్చే ఉంటాయి. 720 మెగావాట్ల ప్లాంటు, మొదటి యూనిట్ 1966 నాటిది. టర్బైన్‌లో, జనరేటర్‌లో రాగి ఉంటుంది, మంచి స్టీలు ఉంటుంది. వంద మీటర్ల కాంక్రీటు టవర్లో ఏముంది? కూల్చడానికి ఎదురు ఖర్చు. రాగి చూసి మురిసేవాడికి కాంక్రీటు కూడా అంటగట్టకపోతే చివరికి అది మన నెత్తినే మిగులుతుంది. మన స్థాయిలోనూ ఇంతే. మోటార్లు, కేబుళ్ళు విడిగా అమ్ముకుని సంబరపడితే, పాత చిమ్నీనీ ఫౌండేషన్‌నీ ముట్టుకునేవాడు దొరకడు.

కెమికల్ యూనిట్ల వాళ్ళకు ఒక మాట. సాల్వెంట్ నడిచిన రియాక్టరు ఖాళీగా కనిపిస్తుంది, లోపల మంటంటుకునే ఆవిరి ఉంటుంది. కడిగించకుండా, గ్యాస్ పరీక్ష చేయించకుండా కటింగ్ టార్చ్ పెట్టనివ్వకండి. అమ్మేశాం కదా, ఇక వాడి తలనొప్పి అనుకోవడానికి లేదు. 2010లో ఏం జరిగిందో చూడండి. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో ఒక గామా ఇర్రేడియేటర్, అంటే రేడియోధార్మిక కిరణాలతో ప్రయోగాలు చేసే పరికరం, ఉండేది. 1985 తర్వాత ఎవరూ వాడలేదు. అందులో ఏముందో తెలిసినవాళ్ళు రిటైరయ్యారు, పరికరం మాత్రం గదిలోనే ఉంది. ఫిబ్రవరిలో తుక్కు కింద వేలం వేశారు. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పితే లోపల రేడియోధార్మిక కోబాల్ట్-60. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు రేడియేషన్‌తో జబ్బుపడ్డారు. పాపం, వాళ్ళు విప్పింది సీసం కోసం! అందుకే లోపల ఏముందో తెలిసిన మనిషి రిటైరయ్యేలోపే ఒక కాగితం మీద రాయించి పెట్టుకోండి. ట్యాంకులో మట్టం చూపే పాత లెవెల్ గేజ్‌లో రేడియోధార్మిక సోర్సు ఉందేమో, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఏ రకమో, వేడి పోకుండా పైపులకు చుట్టిన లాగింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉందో లేదో, అన్నీ.

నా షెడ్డులో ఇంకా మా నాన్నగారి షేపర్, అంటే లోహాన్ని చెక్కే పాతకాలపు మిషను, ఒకటుంది. నెలకు రెండు కీవేలు (షాఫ్టు గాడులు) కొడితే గొప్ప. అమ్ముతానంటే ఇంట్లో మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, “ఎవరైనా వాడుకుంటారా, కోసేస్తారా?” అని మాత్రం అడిగింది. వాడుకునేవాళ్ళే, కరీంనగర్‌లో చిన్న వర్క్‌షాపు వాళ్ళు. రేపు పది గంటలకు వస్తున్నారు. స్లైడ్‌కు ఆయిల్ పెట్టి, బెల్టు బిగించి, ఓ గంటసేపు తిప్పి ఉంచమని మా కుర్రాడికి చెప్పి వచ్చాను.

ఇక మీరడగండి.