జిరంగ్‌కి ఒక పూట, పర్లాకిమిడికి ఒక రోజు: మా ఊరి నుంచి రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ వీడియోలో డ్రోన్ షాట్లు ఉండవు. నా దగ్గర డ్రోన్ లేదు. ఉన్నవల్లా ఒక ఫోను, ఒక బండి, విజయనగరం నుంచి దిగిన మా బావ. వాడు బస్సు దిగీ దిగకముందే, "జిరంగ్ తీసుకెళ్లరా, రీల్స్‌లో చూశాను, అచ్చం టిబెట్టే" అన్నాడు. నేను పుట్టి పెరిగింది ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో. టిబెటన్ల బౌద్ధ మఠం ఉన్న ఈ జిరంగ్ మా జిల్లాలోనే, అయినా వెళ్లింది మాత్రం రెండే రెండుసార్లు, అదీ ఎవరో చుట్టాలు వస్తేనే. ఊళ్లో ఉన్నోడికి ఊరి గుడి కనబడదు కదా.

అసలు సంగతేంటంటే, శ్రీకాకుళం, విజయనగరం, వైజాగ్ నుంచి వచ్చేవాళ్లంతా మా ఊరిని టీ తాగే చోటుగా చూస్తారు. ఇక్కడ టీ తాగడం, కారెక్కడం, జిరంగ్‌లో నాలుగు రీల్స్ తీసుకుని సాయంత్రానికి తిరుగు ముఖం. ఈసారి బావని అలా వదల్లేదు. మూడు రోజులు తిప్పాను. ఏది చూడొచ్చు, దేనికి అంత హడావుడి అక్కర్లేదు, నాకు తోచింది తోచినట్టు చెప్తాను.

మొదట టిఫిను. బావ ఇడ్లీ చెప్పాడు. ప్లేట్లో ఇడ్లీ మీద బటానీల కూర పోసి తెచ్చారు. "సాంబారేదిరా?" అన్నాడు. అది ఘుగుని అండీ. పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా పొద్దున్న ఇదే కథ, ఇడ్లీకైనా వడకైనా తోడు ఘుగునే. రెండో ప్లేటు బావే చెప్పుకున్నాడు, ఇంక నేను వేరే మార్కులు వేయక్కర్లేదు. ఎండాకాలంలో వస్తే పఖాళ అడగండి. అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టింది. పేరు కొత్తగా ఉంటుంది గానీ నోట్లో పెట్టుకుంటే మన తరవాణీకి తోబుట్టువే అని తెలిసిపోతుంది. ఒడిశాలో మార్చి 20న పఖాళ దినం అని పండగలా చేసుకుంటారు. మన తరవాణీకి ఒక రోజంటూ ఎవరూ పెట్టలేదు పాపం.

బజార్లో బోర్డులన్నీ ఒడియాలో ఉంటాయి. బావ వాటిని చూసి "జిలేబీల్లా ఉన్నాయిరా" అని నవ్వాడు. మన అక్షరాల్ని చూసి బయటివాళ్లు అనేదీ అదే మాట అని గుర్తు చేశాను. బోర్డు ఒడియాలో ఉన్నా, కొట్లో బేరం తెలుగులో సాగిపోతుంది. నేను బళ్లో ఒడియా చదివాను, ఇంట్లో తెలుగు మాట్లాడతాను. మా అమ్మయితే తిట్టడం తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముగిస్తుంది. మహేంద్రతనయ నది దాటి కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఈ పక్కవాళ్లకి ఆ పక్క అత్తారిళ్లు, ఆ పక్కవాళ్లకి ఈ పక్క వ్యాపారాలు. పాతపట్నం నీలమణి దుర్గమ్మకి మొక్కుకునేవాళ్లు రెండు పక్కలా ఉన్నారు.

ఇక గజపతి రాజుల కోట. దీని నమూనా గీసింది రాబర్ట్ చిషోమ్ అంటారు. మద్రాసులో సెనేట్ హౌస్ కట్టిన ఇంగ్లీషు ఆర్కిటెక్టు ఆయనే. కమానులు, మేడలు, బయట నుంచి చూస్తేనే మెడ పట్టేస్తుంది. మేం వెళ్లిన రోజు లోపలికి పంపలేదు. కాబట్టి లోపల ఎలా ఉంటుందని నన్ను అడక్కండి. సాయంత్రం ఎండ వాలుగా పడేటప్పుడు వెళ్తే ఫోటోలు బాగా వస్తాయి. ఈ వంశంలోని కృష్ణచంద్ర గజపతి పేరు మీదే మా జిల్లాకి గజపతి అని పెట్టారు. 1992లో గంజాం జిల్లా నుంచి విడదీసి చేసిన జిల్లా ఇది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కావడంలో ఆయన చేయి పెద్దది.

అదే తారీకుకి ఇంకో పక్క కూడా ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు మీకు తెలుసు కదా? ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజునే. 1880లో ఆయన మాస్టారుగా చేరింది ఈ ఊళ్లోనే, రాజావారి స్కూల్లో. కొండల మీంచి వచ్చే సవర గిరిజనుల మాట నేర్చుకోవాలని, ఆ భాషా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకి సొంత డబ్బుతో బళ్లు పెట్టారు, సవర భాషకి నిఘంటువు తయారుచేశారు. ఇప్పుడు నేను కెమెరా ముందు వాగుతున్న ఈ వాడుక తెలుగు పుస్తకాల్లోకి రావాలని పండితులతో జీవితమంతా గొడవపడ్డ మనిషి. పర్లాకిమిడి ఒడిశాలో కలుస్తోందంటే ఒప్పుకోలేదు. కలిసిన రోజు పొద్దున్నే ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయన వయసు డెబ్భై దాటింది. కోట ముందు నిలబడి ఈ సంగతి చెబితే బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి మీవాళ్లు ఎందుకు వెళ్లలేదురా?" అన్నాడు. మా తాతకి ఇక్కడ బట్టల కొట్టు ఉంది బావా, అదీ సంగతి.

రైలు గురించి రెండు ముక్కలు. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన లైను ఇది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. 1931కి గుణుపురం దాకా పొడిగించారు. మా అమ్మ అది ఎక్కింది, నేనూ చిన్నప్పుడు ఎక్కాను. 2004లో ఆపేసి తర్వాత పెద్ద లైను వేశారు. ఇప్పుడు వైజాగ్ నుంచి గుణుపురం పాసింజరు ఎక్కితే నేరుగా మా ఊళ్లో దిగొచ్చు. కారు కంటే నన్నడిగితే అదే నయం.

ఇప్పుడు నాకు ఈ మూడు రోజుల్లో బాగా నచ్చింది. కొమ్ము బొమ్మలు. పర్లాకిమిడిలో పశువుల కొమ్ములతో కొంగలు, రొయ్యలు, జింకలు, దువ్వెనలు చేస్తారు. ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన పని చేస్తుంటే గంటన్నర కూర్చుండిపోయాం. కొమ్ముకి కొబ్బరినూనె రాసి నిప్పుల మీద తిప్పుతారు. వేడెక్కితే అది మైనంలా వంగుతుంది, కానీ ఆ వంగే సమయం కొద్ది క్షణాలే. ఆ కాస్తలో కొంగ మెడ తిరిగిపోవాలి. చల్లారాక వంచితే పెళుక్కున విరుగుతుంది. ఆయన బొటనవేలు గోరు సగం నల్లబడి ఉంది, వేడికి. తర్వాత ఆకురాయి, ఆ తర్వాత గుడ్డతో రుద్దుడు. నల్లటి కొమ్ములోంచి తేనె రంగు చారలు తేలతాయి చూడండి, నేను ఫోను దగ్గరగా పెట్టాను, కనబడుతోందా? ఆ చార రంగు వేసింది కాదు, కొమ్ములో ఉన్నదే. రొయ్య మీసాలైతే వెంట్రుకంత సన్నం. ఆ ఒక్క మీసం దగ్గర ఆయన ఊపిరి బిగబట్టి కూర్చుంటే, బావ కూడా బిగబట్టాడు. తుమ్ము వచ్చింది వాడికి. బయటకి పరిగెత్తాడు.

వాసన మాత్రం చెప్పాలి. కాలిన వెంట్రుకల వాసన. పడనివాళ్లు కొంచెం దూరంగా కూర్చోండి. బేరం ఆడకండి అని చెప్పను, బేరమాడని తెలుగువాడు ఉండడు. కానీ ముందు అరగంట చూసి అప్పుడు ఆడండి. నేను ఆడలేకపోయాను.

రెండో రోజు జిరంగ్. ఆర్.ఉదయగిరి మీదుగా ఘాట్ రోడ్డు, బండి మీద మూడు గంటలు దగ్గర దగ్గర. దారిలో పెట్రోలు బంకు కనబడగానే కొట్టించుకోండి. జిరంగ్ పక్కనున్న చంద్రగిరి దగ్గరికి వచ్చేసరికి మొక్కజొన్న చేలు, వాటి మధ్య కర్రలకి కట్టిన జెండాలు. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, వరుస ఎప్పుడూ అదే. ఆకాశం, గాలి, నిప్పు, నీరు, నేల. మన పంచభూతాలే కదా అన్నాడు బావ. అవును మరి.

టిబెటన్లు ఇక్కడికి 1963లో వచ్చారు. అడవిలో ఐదు శిబిరాలుగా స్థిరపడ్డారు. ఇక్కడి మఠం, పద్మసంభవ మహావిహారం మాత్రం కొత్తది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. అందుకే ఎవరైనా "వేల ఏళ్ల నాటి మఠం" అని వీడియో పెడితే నమ్మకండి. లోపల బుద్ధుడి ఎదురుగా నిలబడితే మాట దానంతటదే తగ్గిపోతుంది. గోడల మీద బొమ్మల్ని తొందరపడకుండా చూడండి. ప్రార్థన చక్రాలు తిప్పేటప్పుడు మన ప్రదక్షిణంలాగే కుడి వైపుగా వెళ్లాలి. మా ముందు ఒక కుర్రాడు రీల్ కోసం ఎడమ వైపు నుంచి పరిగెత్తుకొచ్చాడు. చిన్న లామా పిల్లాడొకడు వాడి భుజం పట్టుకుని మెల్లిగా తిప్పి పంపాడు.

ఇక అసలు సంగతి ఇప్పుడొచ్చింది. బయట మోమో తింటూ నేనూ బావా తెలుగులో వాదించుకుంటున్నాం, కారం చాల్లేదని. పక్క బల్ల మీద జపమాల తిప్పుకుంటున్న ఒక ముసలాయన మావైపు చూసి, "ఏ ఊరు బాబూ? ఆ ఎర్ర చట్నీ వేసుకోండి" అన్నాడు. మన యాసే, శ్రీకాకుళం యాస! చలికాలం వస్తే మన ఊళ్లలో రోడ్డు పక్కన వరసగా స్వెటర్ల కొట్లు పెడతారు చూశారా, వాళ్లలో ఈయనొకడు. ఎన్నో ఏళ్లు శ్రీకాకుళం, విజయనగరం తిరిగాడట. బావ వెంటనే "చిన్నప్పుడు మా అమ్మ నాకో నీలం స్వెటర్ కొంది, అది మీ దగ్గరేనేమో" అన్నాడు. ఆయన నవ్వి, "ఉతికితే సాగిందా?" అన్నాడు. సాగలేదు అన్నాడు బావ. "అయితే నాదే." నేను కెమెరా ఆన్ చేయలేదు, చేయాలనిపించలేదు కూడా. అందుకే ఈ ముక్కకి వీడియో లేదు, మాటే నమ్మండి.

ఒక్క ఫిర్యాదు. ఆ రాత్రి దగ్గర్లో ఒకచోట గది తీసుకున్నాం. పేరు చెప్పను. పొద్దున్న ఆరుకి వేడినీళ్లన్నారు, బకెట్టు తొమ్మిదింటికి వచ్చింది, అదీ గోరువెచ్చగా. నవంబరు చలిలో అదో పరీక్ష. నా సలహా, తెల్లారకుండా బయలుదేరి సాయంత్రానికి పర్లాకిమిడి వచ్చేయండి. జిరంగ్‌కి ఒక పూట చాలు.

మూడో రోజు మహేంద్రగిరి అనుకున్నాం. 1501 మీటర్ల కొండ, అరకు లోయ కంటే బాగా ఎత్తు. పరశురాముడు తపస్సు చేసిన చోటంటారు. పైన భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి ఉన్నాయి. రాజేంద్ర చోళుడి శాసనం కూడా ఉంది. భీముడి గుడి చిన్నది, పెద్ద పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది. నేను ఒక శివరాత్రికి వెళ్లి చూశాను. ఆ రాత్రి అక్కడ కాలు పెట్టే చోటుండదు, రెండు రాష్ట్రాల జనమూ అక్కడే. ఈసారి కోయిన్‌పూర్ దాటాక మబ్బు కమ్మేసింది. ముందు చక్రం కూడా కనబడలేదు. వెనక్కి తిప్పేశాం. కాబట్టి మహేంద్రగిరికి ఈ వీడియోలో మార్కులు లేవు. వెళ్లేవాళ్లు వానాకాలం దాటాక, పొద్దున్నే వెళ్లండి, పైన తినడానికి ఏమీ దొరకదనుకుని మూట కట్టుకెళ్లండి.

బావ నిన్న పొద్దున్న పాసింజరుకి వెళ్లిపోయాడు. బ్యాగులో కొమ్ము కొంగ, గుడ్డలో చుట్టి. విజయనగరంలో దిగి ఫోన్ చేశాడు. స్టేషన్ బయట స్వెటర్ల కొట్లు పడుతున్నాయట. "ఆయన ఉన్నాడేమో చూశానురా, ఇంకా రాలేదు" అన్నాడు.